టాపెట్ సందు, స్ప్రింగు ఎత్తు: పాత బుల్లెట్ హెడ్డులో ఒకే లెక్క

పాత బుల్లెట్ ఇంజన్ విప్పిన ఏ షెడ్డుకు వెళ్లినా రెండు చర్చలు తప్పవు. టాపెట్ సందు ఎంత ఉంచాలన్నది ఒకటి, వాల్వ్ స్ప్రింగులు మార్చాలా వద్దా అన్నది ఇంకొకటి. మొదటిదాని మీద టీ చల్లారిపోయేదాకా వాదించుకుంటారు. రెండోది మాత్రం ఒక్క మాటతో తేలిపోతుంది: "కొత్త సెట్టు తెప్పించేయండి సార్, పనైపోద్ది." వాదన జరగాల్సిన చోట జరగడం లేదని నా అభిప్రాయం. సందు సంగతి కంపెనీవాళ్లు ఎప్పుడో తేల్చి రాసిపెట్టారు. స్ప్రింగు సంగతి మాత్రం ఆ హెడ్డు ఎన్నిసార్లు లేత్ షాపుకు వెళ్లొచ్చింది, ఎంత అరిగింది అన్నదాని మీద ఉంటుంది కనుక ప్రతి బండికీ విడిగా కొలవాలి. పైగా ఈ రెండూ ఒకే కొలతకు రెండు కొసలు. వాల్వ్ కొన హెడ్డు మీదికి ఎంత ఎత్తున నిలబడిందో తెలిస్తే స్ప్రింగు ఎంత నొక్కుకుందో తెలుస్తుంది, రాకర్ దగ్గర ఎంత చోటు మిగిలిందో కూడా తెలుస్తుంది.

ముందుగా ఏ ఇంజన్ గురించి మాట్లాడుతున్నామో చెప్పుకోవాలి. మన దగ్గర పాత మోటార్‌సైకిల్ అనగానే గుర్తొచ్చే జావా, యెజ్డీ, రాజ్‌దూత్, ఆర్‌ఎక్స్ 100 అన్నీ టూ స్ట్రోక్ బళ్లే. వాటిలో ఈ తరహా వాల్వులు లేవు కాబట్టి ఈ గొడవా లేదు. ఆ బళ్ల మీద చెయ్యి తిరిగిన మెకానిక్కులు బుల్లెట్ హెడ్డు దగ్గర కాస్త తడబడతారంటే తప్పు పట్టలేం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సైన్యం వదిలించుకున్న బీఎస్‌ఏ ఎం20, నార్టన్ 16హెచ్ లాంటి సైడ్ వాల్వ్ బళ్లు సేకర్తల ఇళ్లలో కనిపిస్తాయి. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100తో క్యామ్ హెడ్డు మీదికెక్కింది. ఈ రెంటికీ నడుమ అర్ధశతాబ్దం పాటు మన రోడ్లను ఏలింది పోత ఇనుము బారెల్ బుల్లెట్. 1949లో ఇంగ్లండులోని రెడ్డిచ్‌లో మార్కెట్లోకి వచ్చిన నమూనా అది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడ్డాక మనదైంది. 70 మి.మీ. బోరు, 90 మి.మీ. స్ట్రోకు, 346 సీసీ, 18 హార్స్‌పవర్. ఇనుప బారెల్, దాని మీద అల్యూమినియం హెడ్డు, కింద టైమింగ్ కవర్ వెనక రెండు క్యాములు, వాటి నుంచి పైకి రెండు పుష్‌రాడ్లు. ఈ వ్యాసంలో బుల్లెట్ అంటే అదే.

సందు ఎందుకు

ఇంజన్ వేడెక్కితే లోహాలన్నీ పెరుగుతాయి, కాకపోతే అన్నీ ఒకేలా పెరగవు. 200 మి.మీ. పొడవున్న పోత ఇనుము 100 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.22 మి.మీ. పెరుగుతుంది. అంతే పొడవున్న అల్యూమినియం 0.46 మి.మీ. పెరుగుతుంది. పైగా ఇంజన్లో అన్నీ ఒకే వేడిమీద ఉండవు. ఎగ్జాస్ట్ వాల్వ్ తల 700 డిగ్రీల దాకా పోతుంది. బారెల్ అందులో నాలుగో వంతు కూడా వేడెక్కదు. పుష్‌రాడ్ నూనె పొగల మధ్య ఇంకా చల్లగా ఉంటుంది. బారెల్, హెడ్డు పెరిగితే రాకర్ పైకి లేచి సందు పెరుగుతుంది. పుష్‌రాడ్, వాల్వ్ కాడ పెరిగితే సందు తరుగుతుంది. ఈ కూడికలూ తీసివేతలూ అన్నీ అయ్యాక కూడా వాల్వ్ సీటు మీద పూర్తిగా కూర్చోవాలి. చల్లగా ఉన్నప్పుడు మనం ఉంచే సందు అందుకోసమే.

ఇక్కడ చాలామంది ఆగిపోయి, సందును లోహాలే నిర్ణయిస్తాయని తేల్చేస్తారు. అది సగం నిజమే. ట్రయంఫ్ బొన్నెవిల్ 650, బీఎస్‌ఏ ఏ65, నార్టన్ కమాండో — మూడూ బ్రిటిష్ ట్విన్ సిలిండర్ బళ్లు, మూడింట్లోనూ ఇనుప బారెల్, అల్యూమినియం హెడ్డు, అల్యూమినియం పుష్‌రాడ్లే. అయినా ట్రయంఫ్‌కు ఇన్‌లెట్ 0.05 మి.మీ., ఎగ్జాస్ట్ 0.10. బీఎస్‌ఏకు 0.20, 0.25. నార్టన్‌కు 0.15, 0.20. అదే లోహాల కలయిక ఉన్న మన బుల్లెట్‌కు రెండూ సున్నా. లోహాలు ఒక్కటే అయినా అంకెలు వేరయ్యాయంటే కారణం క్యామ్ చెక్కిన తీరులో ఉంది. వాల్వ్ ఒక్కసారిగా దెబ్బ తగిలినట్టు లేవకుండా, దబ్బున పడకుండా క్యామ్ మొదట్లోనూ చివర్లోనూ ఒక సన్నని వాలు ఉంచుతారు. సందు ఆ వాలు పరిధిలోనే ముగిసిపోవాలి. ఎక్కువైతే వాల్వ్ ఆ వాలును దాటేశాక కదులుతుంది, అప్పుడే చప్పుడు, దెబ్బ. తక్కువైతే మూసుకోవలసిన చోట మూసుకోదు. అందుకే ఒక బండి అంకెను ఇంకో బండికి అరువు తెచ్చుకోవడం కుదరదు. బుల్లెట్‌లో క్యాములు మార్చినా, పుష్‌రాడ్లు ఉక్కువి వేసినా, బారెల్ అల్యూమినియందైనా పాత అంకె చెల్లదు, ఆ సామాను అమ్మినవాళ్లు చెప్పిన అంకే పాటించాలి.

మాన్యువల్ చదివేవాళ్లకు ఇంకో ఉచ్చు ఉంది. వాల్వ్ టైమింగ్ సరిచూసుకోవడానికి కొన్ని మాన్యువళ్లు వేరే పెద్ద సందు చెబుతాయి. ట్రయంఫ్‌లో అది 20 థౌ, అంటే అర మిల్లీమీటరు. క్యామ్ వాలు అడ్డం రాకుండా డిగ్రీలు కొలవడానికి తాత్కాలికంగా పెట్టే సందు అది. దాన్నే నడిచే సందుగా తీసుకుని బిగించిన ఇంజన్ కుట్టుమిషన్ లాగా మోగుతూ తిరుగుతుంది.

సున్నా అంటే

బుల్లెట్ పద్ధతి కొత్తవాళ్లకు నమ్మబుద్ధి కాదు. ఇంజన్ చల్లగా ఉండాలి, అంటే రాత్రంతా ఆగి ఉండాలి. ప్లగ్గు తీసి, పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోకులో పైకొసకు తేవాలి. ఇగ్నిషన్ ఆన్ చేసి కిక్కు మెల్లగా నొక్కుతుంటే ఆమీటర్ ముల్లు డిశ్చార్జ్ వైపు నుంచి మధ్యకు వచ్చే చోటు ఒకటుంటుంది. పాయింట్లు విడిపోయే ఆ క్షణం పైకొసకు దగ్గర్లోనే వస్తుంది. స్టార్ట్ చేయడానికి తరతరాలుగా వాడే ఈ కిటుకు ఇక్కడా పనికొస్తుంది, కానీ ఆఖరి మాట ప్లగ్గు బెజ్జంలో పెట్టిన సన్నటి పుల్లదే. బారెల్ కుడిపక్కన కింద ఉన్న చిన్న మూత తీస్తే పుష్‌రాడ్ల అడుగు కనిపిస్తుంది. అడ్జస్టర్, లాక్ నట్, టాపెట్ మూడింటినీ పట్టడానికి మూడు స్పానర్లు, అంటే మూడు చేతులుంటే బాగుండు. పుష్‌రాడ్‌ను రెండు వేళ్లతో తిప్పితే స్వేచ్ఛగా తిరగాలి. పైకి కిందికి ఆడిస్తే మాత్రం ఏ ఆటా తెలియకూడదు. అదే సున్నా. లాక్ నట్ బిగించేటప్పుడు అడ్జస్టర్ రవ్వంత తిరుగుతుంది కాబట్టి బిగించాక మళ్లీ తిప్పి చూడాలి. ఇంజన్ రెండుమూడు చుట్లు తిప్పి, మళ్లీ పైకొసకు తెచ్చి, ఇంకోసారి చూడాలి.

"ఫీలర్ గేజ్ లేకుండా వేళ్లతో సెట్ చేయడమేంటి, నాటు పద్ధతి" అని తీసిపారేసేవాళ్లు నాకు తారసపడ్డారు. బుల్లెట్ వరకు ఇది రెడ్డిచ్ కంపెనీ తన మాన్యువల్‌లో రాసిన పద్ధతే. సున్నాను కొలవడానికి గేజ్ ఆకు ఎక్కడుంది? వేళ్ల పద్ధతిని మిగతా బళ్లకు కూడా అంటగట్టడమే తప్పు. కమాండోను వేళ్లతో సెట్ చేస్తే వాల్వులు కాలిపోతాయి.

అలాగని గేజ్ ఉన్నచోటల్లా గేజ్ చెప్పిందే వేదమనుకోనక్కర్లేదు. పాత ఇంజన్లలో రాకర్ అడుగున, వాల్వ్ కొన కొట్టుకునే చోట చిన్న గుంట పడి ఉంటుంది. గేజ్ ఆకు ఆ గుంటలోకి దిగదు, దాని అంచుల మీద వంతెనలా నిలుస్తుంది. ఆకు 0.10 అని చెప్పినా గుంటతో కలిపి అసలు సందు 0.18 ఉండొచ్చు. అలాంటి రాకర్లను నునుపు చేయించాలి, లేదా మార్చాలి. ఇంజన్లోంచి దించకుండానే తేల్చుకోవాలంటే అడ్జస్టర్ మరతో లెక్కకట్టే పద్ధతి మంచిది. ట్రయంఫ్ ట్విన్లలో అడ్జస్టర్ మర అంగుళానికి 26 చుట్లు. కాబట్టి ఒక పూర్తి చుట్టుకు 0.98 మి.మీ., పావు చుట్టుకు దాదాపు 10 థౌ. సందు పూర్తిగా పోయేదాకా బిగించి, అక్కడి నుంచి కావలసినంత వెనక్కి తిప్పితే గుంట ఉన్నా లేకపోయినా లెక్క తప్పదు.

చల్లని ఇంజన్ అంటే ఎంత చల్లగా? ఈ ప్రశ్న ఇంగ్లండులో ఎవరికీ రాదు. జనవరి తెల్లవారుజామున అదిలాబాద్‌లోనో, మే నెల మధ్యాహ్నం రెంటచింతలలోనో బండి విప్పేవాళ్లకు మాత్రం రావాలి. ఎండలో నిలబెట్టిన బండి, చలి పొద్దున్న నిలబెట్టిన బండి మధ్య 30 డిగ్రీల తేడా సులువుగా ఉంటుంది. బారెల్ పొడవు వరకే లెక్కవేసినా అల్యూమినియం పుష్‌రాడ్ ఇనుము కన్నా 0.04, 0.05 మి.మీ. ఎక్కువ సాగుతుంది. హెడ్డు పెరుగుదల అందులో కొంత తిరిగి ఇచ్చేస్తుంది గానీ, సున్నా దగ్గర ఆ మాత్రం తేడా కూడా వేలికి తెలుస్తుంది. చలిలో బిగుతుగా సెట్ చేస్తే వేసవి మధ్యాహ్నం కిక్కు కొట్టగానే కంప్రెషన్ మెత్తబడినట్టు అనిపించేది అందుకే. చలికాలంలో సెట్ చేస్తే పుష్‌రాడ్ తిరగడంలో ఏ చిన్న బిరుసూ మిగలకూడదు.

చప్పుడు చేసే టాపెట్ మంచిదే

వదులు, బిగువు అనే రెండు తప్పుల్లో ఏది ప్రమాదం? యజమానులు చప్పుడుకు భయపడతారు. మెకానిక్ దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో "టక్ టక్ మంటోంది" అన్నదే ఎక్కువ. వాల్వులు బిగువయ్యాయని ఎవరూ రారు, ఎందుకంటే బిగువుకు చప్పుడుండదు. బండి ఎన్నడూ లేనంత సాఫీగా, నిశ్శబ్దంగా నడుస్తుంది. లోపల ఎగ్జాస్ట్ వాల్వ్ మాత్రం కాలుతుంటుంది.

ఎగ్జాస్ట్ వాల్వ్ తన వేడిలో ముప్పాతిక వంతు దాకా సీటు ద్వారానే హెడ్డులోకి వదిలించుకుంటుంది, మిగిలింది కాడ గుండా గైడులోకి పోతుంది. నాలుగు స్ట్రోకుల్లో దాదాపు మూడింట రెండొంతుల సమయం అది సీటు మీద కూర్చుని ఉండేది అందుకు కూడా. సందు లేక అది వెంట్రుకవాసి పైనే నిలిచిపోతే ఆ వేడి పోయే దారి మూసుకుపోతుంది. పైగా ఆ సన్నని చీలిక గుండా మండే వాయువు దూసుకుపోయి అంచును కోస్తుంది. ఒకసారి గాడి పడ్డాక ఆ వాల్వ్ పని అయిపోయినట్టే, ఎంత గ్రైండింగ్ పేస్టు రాసి రుద్దినా నిలవదు. వదులు సందు చేసే నష్టం ఇంత తొందరగా రాదు. క్యామ్, టాపెట్, రాకర్ కొన నెమ్మదిగా అరుగుతాయి, వాల్వ్ కొంచెం ఆలస్యంగా తెరుచుకుని ముందుగా మూసుకుంటుంది కనుక కాస్త బలం తగ్గుతుంది. అనుమానం వచ్చినప్పుడు వదులు వైపే తప్పు చేయమని పాతకాలపు మెకానిక్కులు చెప్పే మాట నూటికి నూరుపాళ్లు సరైనది.

సందు తనంతట తాను తగ్గిపోవడానికి ఒక చారిత్రక కారణం కూడా ఉంది. పాత పెట్రోలులో సీసం ఉండేది. అది కాలినప్పుడు ఏర్పడే పదార్థం ఎగ్జాస్ట్ సీటు మీద సన్నటి పొరలా పేరుకుని, వాల్వ్ కొట్టే దెబ్బల నుంచి మెత్తని ఇనుమును కాపాడేది. మన దేశమంతటా 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం లేని పెట్రోలు వచ్చింది. ఊపిరితిత్తులకు, పిల్లల మెదళ్లకు అది గొప్ప మేలు. కానీ ఎం20, 16హెచ్ లాంటి బళ్లలో సీటు బారెల్ ఇనుములోనే చెక్కి ఉంటుంది. ఆ పొర లేకపోతే వాల్వ్ సీటులోకి నెమ్మదిగా దిగబడుతుంది. బుల్లెట్ అల్యూమినియం హెడ్డులో విడిగా బిగించిన సీటు రింగులుంటాయి కనుక బాధ తక్కువ. అయినా దశాబ్దాల తరబడి రుద్దుడు తిన్న హెడ్డుల్లో అదే జరుగుతుంది, దిగబెట్టేది పెట్రోలు కాకుండా లేత్ షాపు సీటు కట్టరు, అంతే తేడా.

స్ప్రింగు దగ్గర

ఆ దిగబడడమే స్ప్రింగు లెక్కనూ తారుమారు చేస్తుంది. సీటును కట్టరుతో 1 మి.మీ. లోతు చేశారనుకుందాం. వాల్వ్ మొత్తం ఆ మేరకు పైకి జరుగుతుంది, అంటే కాడ కొన హెడ్డు మీద 1 మి.మీ. ఎక్కువ ఎత్తున నిలుస్తుంది. కాడకు లాకులతో తగిలించిన స్ప్రింగు క్యాపు కూడా 1 మి.మీ. పైకి పోతుంది. స్ప్రింగు అడుగు మాత్రం హెడ్డు మీద ఉన్నచోటే ఉంటుంది. ఫలితంగా స్ప్రింగు ఆ మేరకు సాగి మెత్తబడుతుంది, రాకర్ దగ్గర సందు మాయమవుతుంది. ఒకే తప్పుకు రెండు లక్షణాలు. టాపెట్ అడ్జస్టర్ తిప్పి సందు తెప్పించుకోవచ్చు, దాంతో సమస్య తీరిందనిపిస్తుంది. స్ప్రింగు మెత్తబడిన సంగతి ఎవరూ చూడరు. మన షెడ్లలో జరుగుతున్నది ఇదే.

బుల్లెట్ అడ్జస్టర్‌ను పూర్తిగా లోపలికి తిప్పేసినా పుష్‌రాడ్ వదులవకపోతే ఆ హెడ్డు సీటు చాలాసార్లు కోతకు గురైందని అర్థం. అప్పుడు కొందరు కాడ కొసను గ్రైండర్ మీద అరగదీస్తారు. అది దొంగదారి. కొసకు పెట్టిన గట్టిదనం పైపొరలోనే ఉంటుంది, అది పోతే రాకర్ దాన్ని తినేస్తుంది. లాకుల గాడికి, కొసకు మధ్య దూరం తగ్గితే రాకర్ పోయి క్యాపుకు తగులుతుంది. ఎత్తు పెరిగితే రాకర్ కొన వాల్వ్ కొస మధ్యలో కాకుండా పక్కకు జరిగి తోస్తుంది. ఆ పక్కతోపుకు గైడు కోడిగుడ్డు ఆకారంలో అరుగుతుంది, పొగ మొదలవుతుంది. పిస్టన్ రింగులు మార్చినా పోని నీలిపొగకు మూలం చాలాసార్లు ఇక్కడుంటుంది.

బిగింపు ఎత్తు అంటే వాల్వ్ మూసుకుని ఉన్నప్పుడు స్ప్రింగు అడుగు నుంచి క్యాపు లోపలి అంచు వరకు ఉన్న దూరం. దీన్ని కొలవడానికి స్ప్రింగు కూడా అక్కర్లేదు. వాల్వ్ పెట్టి, క్యాపు, లాకులు తగిలించి, క్యాపును పైకి గట్టిగా లాగి పట్టుకుని వెర్నియర్‌తో కొలవొచ్చు. లేదంటే తీగను ఆ పొడవుకు తుంచి సరిపోయేదాకా రాకుతూ, తర్వాత ఆ తీగను కొలవొచ్చు. అయిదు నిమిషాల పని. స్ప్రింగు సెట్టు కోసం ఊళ్లన్నీ వెతికేవాళ్లు ఆ అయిదు నిమిషాలు ఎందుకు కేటాయించరో నాకిప్పటికీ బోధపడదు.

ఆ అంకెతో మూడు లెక్కలు చూడాలి. ఊహకోసం కొన్ని అంకెలు తీసుకుందాం: బిగింపు ఎత్తు 38 మి.మీ., వాల్వ్ లేచేది 8 మి.మీ., స్ప్రింగు చుట్లన్నీ ఒకదానికొకటి ఆనుకుపోయే ఎత్తు 28.5 మి.మీ. వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు స్ప్రింగు 30 మి.మీ.కు నొక్కుకుంటుంది, అంటే 1.5 మి.మీ. మిగులు. అది చాలు. సీటు దిగబడి ఎత్తు 39 అయితే స్ప్రింగు కింద 1 మి.మీ. షిమ్ము వేసి 38కి తెస్తాం, మిగులు మారదు. కానీ ఎత్తు కొలవకుండా "కొత్త స్ప్రింగు మెత్తగా ఉంది" అని 38 దగ్గరే 1 మి.మీ. షిమ్ము వేస్తే మిగులు అర మిల్లీమీటరే. అక్కడ స్ప్రింగు ఇనుప కడ్డీ అయిపోవడానికి ఎక్కువ దూరం లేదు. కడ్డీ అయిన స్ప్రింగు పుష్‌రాడ్‌ను వంచుతుంది, క్యామ్ కొమ్మును చెక్కుతుంది. రెండో లెక్క, క్యాపు అడుగు గైడు తలకు తగలకూడదు. వాల్వ్ పూర్తిగా దిగినప్పుడు ఆ రెంటికీ మధ్య కనీసం 1.5 మి.మీ. ఉండాలి. కొత్త గైడు పొడవెక్కువై అది పోతుండడం మామూలే. మూడోది సీటు మీద ఒత్తిడి. లోపలి, బయటి స్ప్రింగులు కలిసి మి.మీ.కు 3 కిలోల చొప్పున నొక్కే జత అయితే, 1 మి.మీ. ఎత్తు పెరిగితే సీటు మీద 3 కిలోలు పోయినట్టే. మొత్తం 30 కిలోలుండాల్సిన చోట అది పదో వంతు.

పదో వంతు పోతే ఏమవుతుంది? 5,600 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో వాల్వ్ సెకనుకు దాదాపు 47 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. క్యామ్ వాలు వెంట టాపెట్‌ను, పుష్‌రాడ్‌ను, రాకర్‌ను, వాల్వ్‌ను కలిపి అంటిపెట్టుకుని నడిపేది స్ప్రింగే. దానికి బలం చాలకపోతే వాల్వ్ క్యామ్‌ను వదిలి గాల్లో తేలుతుంది, తిరిగి సీటు మీద పడి ఎగురుతుంది. ఊళ్లో 50 మీద పోయే బుల్లెట్‌కు ఇది తెలియదు. హైవే మీద లారీని దాటడానికి బిగించినప్పుడు తెలుస్తుంది, అప్పుడు కార్బురేటర్ మీద అనుమానపడతారు. బుల్లెట్‌కు ఒకదాంట్లో ఒకటిగా రెండు స్ప్రింగులుంటాయి. ఒకటి విరిగినా వాల్వ్ సిలిండర్లో పడిపోకుండా రెండోది ఆదుకుంటుంది. లోపలిదాని కంపనమూ బయటిదాని కంపనమూ వేరువేరు కాబట్టి రెండూ కలిసి ఊగిపోవు.

అరిగిన స్ప్రింగు అనే మాట సరైనది కాదు, స్ప్రింగు అరగదు, కుంగుతుంది. విడిగా పెట్టి పొడవు కొలిచి, కొత్తదానితో పోల్చడం తొలి పరీక్ష. కానీ పొడవు సరిగ్గా ఉన్న చవక స్ప్రింగులో బలం తక్కువ ఉండొచ్చు. అందుకు పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు. డ్రిల్లింగ్ మిషన్ బల్ల మీద ఇంట్లో బరువు చూసుకునే మిషన్ పెట్టి, దాని మీద స్ప్రింగు నిలబెట్టి, చక్కుతో బిగింపు ఎత్తుకు నొక్కితే ఎన్ని కిలోలో కనిపిస్తుంది. పాత, కొత్త, ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ నాలుగింటినీ అలా చూస్తే మార్చాల్సింది ఏదో తనే చెబుతుంది. ఒక్క జాగ్రత్త: చుట్ల దూరం ఒక చివర దగ్గరగా, ఇంకో చివర ఎడంగా ఉంటే దగ్గర చుట్ల వైపు హెడ్డుకు ఆనాలి. తిరగేసి పెడితే కదిలే బరువు పెరుగుతుంది. పట్టకారుతో గట్టిగా పట్టి గీత పెట్టిన స్ప్రింగు, తుప్పు చుక్క పడిన స్ప్రింగు ఎంత బలంగా ఉన్నా పక్కన పడేయాలి. విరుపు అక్కడే మొదలవుతుంది.

గట్టి స్ప్రింగు వేస్తే బండి ఉరుకుతుందన్న నమ్మకం ఇంకా ఉంది. ఫిల్ ఇర్వింగ్ 1948లో రాసిన 'ట్యూనింగ్ ఫర్ స్పీడ్' మొదలుకొని రేసు పుస్తకాల్లోని సలహాలు వాసన పట్టి వచ్చిన నమ్మకం అనుకుంటా. విన్సెంట్ ఇంజన్ల వెనకున్న ఆ ఆస్ట్రేలియన్ ఇంజనీరు పుస్తకం ఈనాటికీ చదవదగ్గదే, కాకపోతే అది గెలవాల్సినవాళ్లకు రాసింది. 18 హార్స్‌పవర్ బండికి అవసరానికి మించిన స్ప్రింగు బలాన్నివ్వదు, క్యామ్‌నూ టాపెట్ అడుగునూ తింటుంది, అంతే.

ఈ స్ప్రింగు బాధే వద్దనుకున్నవాళ్లు చరిత్రలో చాలామంది ఉన్నారు. చుట్ల స్ప్రింగు ఉక్కు వేడికి తట్టుకోని రోజుల్లో వెలోసెట్, మాంక్స్ నార్టన్ లాంటివి హెయిర్‌పిన్ ఆకారపు స్ప్రింగులను హెడ్డు బయట గాలికి పెట్టాయి. డుకాటీలో ఫాబియో తాల్యోని 1956లో వాల్వ్‌ను తెరవడానికీ మూయడానికీ క్యామ్‌లనే పెట్టి, స్వీడిష్ గ్రాండ్ ప్రీ గెలిపించాడు. టాపెట్ సందు బాధ వద్దనుకున్న హార్లే డేవిడ్సన్ 1948లోనే హైడ్రాలిక్ టాపెట్లు వేసింది. మన బుల్లెట్‌కు ఆ సౌకర్యం దశాబ్దాల తర్వాత గానీ రాలేదు.

పాత ఇంజన్‌కు మిగిలింది ఓపికే. పని వరస తలకిందులు కాకుండా చూసుకోవాలి. ముందు గైడు, ఎందుకంటే సీటు కట్టరుకు దారి చూపేది గైడే. తర్వాత సీటు, అది ఎంత తక్కువ కోస్తే అంత మంచిది. తర్వాత ఎత్తు కొలత, షిమ్ము. ఎత్తు రెండు మిల్లీమీటర్లు దాటి పెరిగిపోయిన హెడ్డుకు షిమ్ముల మీద షిమ్ములు వేయడం కన్నా కొత్త సీటు రింగు వేయించడమే సరైన పని. కొత్త రింగు ఎత్తుగా కూర్చుంటే లెక్క అటువైపు తారుమారవుతుందని, స్ప్రింగు నలిగిపోతుందని గుర్తుంచుకోవాలి. అదయ్యాకే స్ప్రింగు కొనాలి. టాపెట్ సందు అన్నింటికన్నా చివర. కొత్త గ్యాస్కెట్ వేడికీ బిగింపుకీ కుంగి హెడ్డు కిందికి దిగుతుంది, దాంతో పాటు రాకర్ కూడా. పుష్‌రాడ్ పొడవు మారదు కాబట్టి సందు తగ్గుతుంది. కాబట్టి మొదటి కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత హెడ్డు నట్లు మళ్లీ బిగించి, సందు మళ్లీ చూడకపోతే మొదటిసారి పెట్టిన శ్రమంతా వృథా. బారెల్ పైముఖాన్ని ఫేసింగ్ చేయించినా జరిగేది అదే.

లేత్ షాపువాళ్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. సీటు కోయమంటే కోస్తారు, ఎత్తు చూడమని ఎవరూ అడగరు. అడిగే బాధ్యత మనది. హెడ్డు పంపేముందు నాలుగు అంకెలు ఒక కాగితం మీద రాసుకోండి: రెండు వాల్వ్ కొసల ఎత్తు, రెండు స్ప్రింగుల బిగింపు ఎత్తు. తిరిగొచ్చాక అవే నాలుగు మళ్లీ కొలిచి పక్కన రాయండి. వేసిన షిమ్ము మందం, స్ప్రింగు ఎన్ని కిలోలు నొక్కిందో కూడా చేర్చండి. ఆ కాగితాన్ని ఆర్సీతో పాటు దాచండి, బండి అమ్మితే కొన్నవారి చేతిలో పెట్టండి.